విదేశీ విశ్వవిద్యాలయాలతో భాగస్వామ్యం: మన దరఖాస్తులు ఎందుకు నెగ్గడం లేదు?

మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022–23 నుంచి నిలిపివేస్తున్నట్లు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో లోక్‌సభకు తెలియజేసింది. ఆ సంవత్సరం నుంచే ‘పఢో పరదేశ్’ పథకానికి కూడా తెరపడింది. మొదటిది సచార్ కమిటీ నివేదిక నేపథ్యంలో 2009లో ఆరంభమై, ఎం.ఫిల్., పీహెచ్.డీ. చేసే మైనారిటీ విద్యార్థులకు ఆసరాగా నిలిచింది. రెండవది విదేశాలలో చదివేవారి బ్యాంకు రుణాలపై వడ్డీ భారాన్ని కొంతకాలం ప్రభుత్వమే మోసిన పథకం. వడ్డీ రుణమంటేనే వెనుకంజ వేసే మన ఇళ్లలో ఈ రెండవ పథకం ఎందరికి అక్కరకు వచ్చిందన్నది వేరే చర్చ. ఏదేమైనా, కేంద్ర ప్రభుత్వం వైపు నుంచి ముస్లిం విద్యార్థికి ఉన్నత పరిశోధనకూ విదేశీ విద్యకూ ప్రత్యేకంగా ఉన్న రెండు మార్గాలూ ఒకే ఏడాది మూతపడ్డాయి. షెడ్యూల్డ్ తెగల విద్యార్థులకు ఏటా 20 జాతీయ విదేశీ విద్యా ఉపకారవేతనాలు ఉన్నాయి. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి పేరిట విదేశీ విద్యా పథకం ఉంది. ఉన్నవి ఉన్నాయని చెప్పుకోవాలి, పోయినవి పోయాయని కూడా చెప్పుకోవాలి.

ఈ నిలిపివేతలపై మన పత్రికలు రాశాయి, మన సంఘాలు వినతిపత్రాలు ఇచ్చాయి. అవి కొనసాగవలసిందే. కాని ఈ వ్యాసంలో మేము మాట్లాడదలచినది మరొక మార్గం గురించి. వ్యక్తికి ఇచ్చే సహాయం తగ్గిన ఈ కాలంలోనే సంస్థకూ సంస్థకూ మధ్య ఏర్పడే భాగస్వామ్యాలకు గ్రాంట్లు పెరిగాయి. మన దేశపు కళాశాల, విదేశీ విశ్వవిద్యాలయం కలిసి ఒక కోర్సును రూపొందించుకోవడం, అధ్యాపకులను ఇచ్చిపుచ్చుకోవడం, విద్యార్థులను కొన్ని నెలల పాటు పంపుకోవడం వంటి పనులకు ఇచ్చే సొమ్ము ఇది. బ్రిటన్–భారత్ విద్యా, పరిశోధన కార్యక్రమం 2006లో మొదలైంది. మన కేంద్ర ప్రభుత్వం ‘స్పార్క్’ అనే పథకాన్ని 2018లో ఆరంభించి, దాని సమన్వయ బాధ్యతను ఖరగ్‌పూర్ ఐఐటీకి అప్పగించింది. (ఆ ఐఐటీని 1951 ఆగస్టు 18న ప్రారంభించినవారు మౌలానా ఆజాద్ గారే. ఆయన పేరిట ఉన్న ఫెలోషిప్ ఆగిపోయింది గాని, ఆయన వేసిన పునాదులు ఆగిపోలేదు.) ఐరోపా సంఘం నడిపే ‘ఎరాస్మస్ ప్లస్’ అన్నిటికంటె పెద్దది.

ఈ గ్రాంట్లకు మన విద్యాసంస్థలు దరఖాస్తు చేయడమే అరుదు. చేసినవి కూడా తొలి వడపోతలోనే నిలిచిపోతున్నాయి. ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్లకు పైగా ఇతరుల దరఖాస్తులను పరిశీలించి, పదవీ విరమణ తరువాత మన ట్రస్టుల దరఖాస్తులకు చేయి సాయం చేస్తున్న మాకు, దీనికి వివక్ష ఒక్కటే కారణమని అనిపించడం లేదు. కాగితం పెట్టే పద్ధతిలోనే లోపం ఉంది. ఆ లోపం ఎక్కడున్నదో అరకు లోయను ఉదాహరణగా తీసుకుని చెబుతాము.

అరకే ఎందుకంటే, ఆ కొండల్లో మన కుటుంబాలు పలుచగానైనా ఉన్నాయి. అరకు, పాడేరు, చింతపల్లి వైపు వాహనాలు నడిపేవారు, సంతల్లో బట్టలు, గాజులు, పాత్రలు అమ్ముకునేవారు, మరమ్మతు దుకాణాలవారు, చిరుద్యోగులు. వారి ఆడపిల్లలు ఇంటర్ తరువాత చదవాలంటే అక్కడి ప్రభుత్వ డిగ్రీ కళాశాలే దిక్కు. అదే తరగతిలో పక్క బల్ల మీద కొండదొర, బగత, వాల్మీకి, కోందు పిల్లలు కూర్చుంటారు. ఆ కళాశాల బాగుపడితే ఇద్దరూ బాగుపడతారు, లేకుంటే ఇద్దరూ నష్టపోతారు. మైదానపు పట్టణాలలో ‘మన కళాశాల’, ‘వారి కళాశాల’ అన్న మాటకు కొంత చోటున్నదేమో గాని, మన్యంలో లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. విదేశీ విద్యా ధనం ఈ కొండలకు కొత్త కాదు. 1950ల నడుమ పూనాలోని దక్కన్ కళాశాల, అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇచ్చిన గ్రాంటుతో ఆధునిక భాషాశాస్త్రంలో శిక్షణ తరగతులు నడిపింది. మన దేశంలో ఒక తరం భాషాశాస్త్రవేత్తలు అక్కడ తయారయ్యారు. ఆ తరంలోని వారే భద్రిరాజు కృష్ణమూర్తి గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు బోధిస్తూ, అమెరికా వెళ్లి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేట్ పొంది తిరిగివచ్చిన ఆయన, అరకు పరిసరాల కొండదొరలు మాట్లాడే కొండ లేక కూబి భాషకు కథలు, వ్యాకరణం, పదకోశంతో కూడిన సమగ్ర గ్రంథాన్ని 1969లో వెలువరించారు. దానిని ప్రచురించినది హైదరాబాదులోని ప్రభుత్వ గిరిజన పరిశోధన సంస్థ. లిపి లేని ఒక భాష ప్రపంచ విద్వాంసుల బల్ల మీదికి చేరింది. అది ఘనమైన పని. అయితే ఆ గ్రంథం ఆంగ్లంలో ఉన్నది. దానికి కథలు చెప్పిన కొండదొరల మనుమలు బడిలో తెలుగులోనే అక్షరాలు దిద్దారు.

ఆ పాండిత్యాన్ని తక్కువ చేయాలని మేము ఈ మాట అనడం లేదు. ఆనాటి గ్రాంటులకు ‘ఈ పని వలన ఆ ఊరికి ఏమి మిగులుతుంది’ అన్న ప్రశ్న ఉండేది కాదు. నేడు ఆ ప్రశ్నే దరఖాస్తులో మొదటి పుటలో ఉంటుంది. అరవై ఏళ్లు గడిచాక అదే రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ప్రపంచ ఆహార వ్యవస్థలపై పోటీ పెట్టినప్పుడు వెయ్యికి పైగా దరఖాస్తులు వచ్చాయి. 2020 ఆగస్టులో ప్రకటించిన పది విజేతలలో ఒకటి ‘అరకునామిక్స్’. దానిని పంపినది హైదరాబాదుకు చెందిన నాంది ఫౌండేషన్. బహుమానం 2 లక్షల డాలర్లు. ఇది ఉన్నత విద్యా గ్రాంటు కాదు, నిజమే. కాని అంతర్జాతీయ పరిశీలకుల ముందు నిలిచి గెలిచిన అరకు దరఖాస్తు కనుక, మనం చదవదగిన పాఠం అందులో ఉంది.

దాని బలం భాషలో లేదు. ఆ సంస్థ అప్పటికే దాదాపు రెండు దశాబ్దాలుగా ఆ కొండల్లో గిరిజన కాఫీ రైతులతో పనిచేస్తూ ఉంది. రైతులకు సొంత సహకార సంఘం ఉంది. వారి కాఫీకి 2017లోనే పారిస్‌లో అంగడి తెరిచారు. ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే దరఖాస్తులో ‘చేస్తాము’ అని రాసిన ప్రతి మాట వెనుకా ‘చేశాము’ అన్న దాఖలా ఉంది. పైగా అరకులో పండిన పద్ధతిని వార్ధాకూ ఢిల్లీ పరిసరాలకూ విస్తరిస్తామని అందులో చెప్పారు. ఒక కొండ ప్రాంతపు అనుభవం ఇతర ప్రాంతాలకు ఎలా పనికివస్తుందో చూపగలిగినప్పుడే, ఎక్కడో కూర్చున్న దాతకు ఆ కొండ మీద ఆసక్తి కలుగుతుంది.

కాఫీ ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట. యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి కన్నడ దేశపు కొండలలో నాటాడని జనశ్రుతిలో నిలిచినవాడు బాబా బుడాన్ అనే సూఫీ. తూర్పు కనుమలలో కాఫీని 1898లో పాములేరు లోయలో నాటినవారు ఆంగ్లేయులు. నేడు దానిని పండిస్తున్నవారు ఆదివాసులు. విత్తనం ఎవరు తెచ్చినా పంట దాన్ని పెంచినవారిది. ఈ ఒక్క సంగతి గ్రహించక మన ట్రస్టులు కొన్ని మన్యంలో బోర్లాపడ్డాయి.

మేము చూసిన ఒక దరఖాస్తు సంగతి చెబుతాము. సంస్థ పేరు అనవసరం. అరకు చెంత అయిదెకరాలు కొని, విదేశీ విశ్వవిద్యాలయ సహకారంతో ముస్లిం బాలికల వసతిగృహమూ కళాశాలా కడతామన్నది దాని సారాంశం. ఉద్దేశం ఉత్తమమైనది. కాని అరకు అయిదవ షెడ్యూలులోని ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకు 1970లో ఒకటవ నంబరు రెగ్యులేషన్ ద్వారా చేసిన సవరణ ప్రకారం, అక్కడి భూమి గిరిజనేతరుని చేతికి వెళ్లడం చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా చెల్లదు. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజులపై ‘సమత’ అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు, ప్రభుత్వ భూమిని సైతం అక్కడ గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వరాదన్నది. విదేశీ పరిశీలకుడు ఈ తీర్పును చదవడనుకోవడం పొరపాటు. తూర్పు కనుమల గురించి ఆంగ్లంలో వెతికితే ముందుగా దొరికేవాటిలో అదొకటి.

ఇది కేవలం సాంకేతికమైన అభ్యంతరం కాదని మా అభిప్రాయం. రాజ్యాంగపు 30వ అధికరణం మన విద్యాసంస్థలకు రక్షణగా ఉన్నట్లే, అయిదవ షెడ్యూలు వారి నేలకు రక్షణగా ఉన్నది. ఒక దానిని పట్టుకుని రెండవదానిని దాటిపోవాలని చూసే దరఖాస్తుకు ఎవరు విలువనిస్తారు? ఆ ట్రస్టు చేయవలసినది భూమి కొనడం కాదు. ఇప్పటికే ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాలతో చేతులు కలపడం. అక్కడి బాలికలకు, మన బాలికలతో సహా, అదే కళాశాలలో ఏమి కొరవడిందో లెక్కతీయడం.

లెక్క అన్నామంటే దానికి పద్ధతి ఉంది. అవసరాన్ని వివరించే అధ్యాయంలో మనవారు సాధారణంగా రాసేది ‘ముస్లింలు విద్యలో మిక్కిలి వెనుకబడి ఉన్నారు’ అన్న వాక్యం. అది నిజమే. కాని పరిశీలకునికి అది ఫిర్యాదు, సమాచారం కాదు. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2020–21లో దేశవ్యాప్తంగా ముస్లిం విద్యార్థుల నమోదు అంతకు ముందరి ఏడాదికంటె 8 శాతం, అంటే 1.79 లక్షలు తగ్గింది. అదే ఏడాది షెడ్యూల్డ్ తెగల నమోదు 11.9 శాతం పెరిగింది. ఈ సంఖ్యను ఉటంకించిన దరఖాస్తులు మేము కొన్ని చూశాము. అయితే మరుసటి సంవత్సరపు నివేదికలో ముస్లిం నమోదు 21.1 లక్షలకు కోలుకున్నది. 2020–21లో అది 19.21 లక్షలు. పడిపోయిన ఏడాదిని చూపి, లేచిన ఏడాదిని దాచిన దరఖాస్తును పరిశీలకుడు మరిక నమ్మడు. రెండు సంఖ్యలూ పక్కపక్కన పెట్టి, ‘ఒక్క ఏడాది ఆర్థిక కుదుపుకే ఇంతమంది చదువు మానుకునే స్థితిలో ఉన్నారు’ అని రాయండి. వాదన బలహీనపడదు, ఇంకా గట్టిపడుతుంది. ఆపైన దేశం లెక్క నుంచి ఊరి లెక్కకు దిగాలి. ఆ కళాశాలలో గత మూడేళ్లలో చేరినవారెందరు, పరీక్ష రాసినవారెందరు, ఆడపిల్లలు ఏ సంవత్సరంలో మానుకున్నారు? ఇది కళాశాల హాజరు పట్టీలలో, నామినల్ రోల్స్‌లో ఉంటుంది. ఒక గుమాస్తా రెండు రోజులు కూర్చుంటే తేలే పని. ఆ రెండు రోజులు కూర్చునేవాడే మనకు దొరకడం లేదు.

ఇప్పుడు ‘ఎరాస్మస్ ప్లస్’ సంగతి కొంత విపులంగా చెప్పాలి. చిన్న సంస్థలకు అవకాశం ఉన్నది అందులోనే. ‘స్పార్క్’లో భారతీయ సంస్థ జాతీయ ర్యాంకింగులలో మొదటి వందలో ఉండాలన్న నియమం పెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటివి అందుకోగలవు గాని కొండ మీది డిగ్రీ కళాశాల అందుకోలేదు. ఐరోపావారి ఉన్నత విద్యా సామర్థ్య నిర్మాణ కార్యక్రమంలో మూడు విభాగాలున్నాయి. మొదటి విభాగం అనుభవం తక్కువైన సంస్థలను, మారుమూల ప్రాంతాలను, అవకాశాలు కొరవడిన విద్యార్థులను దృష్టిలో ఉంచుకున్నది. గ్రాంటు 2 లక్షల నుంచి 4 లక్షల యూరోలు. తక్కువలో తక్కువ కూడా మన లెక్కలో రెండు కోట్ల రూపాయలకు అటూ ఇటూ. కాలవ్యవధి రెండు లేక మూడు సంవత్సరాలు.

మార్కులు వేసే విధానాన్ని వారు ముందుగానే ప్రకటిస్తారు. ఆవశ్యకతకు 30, రూపకల్పనకూ అమలుకూ 30, భాగస్వామ్యపు నాణ్యతకు 20, ప్రభావానికీ సుస్థిరతకూ 20. మొత్తం మీద 60కి తగ్గరాదు, ఆవశ్యకతలో 15కి తగ్గరాదు. పరీక్షకు వెళ్లే విద్యార్థికి ప్రశ్నపత్రపు నమూనా ముందే ఇచ్చినట్లు. అయినా మన దరఖాస్తులలో ట్రస్టు చరిత్ర, వ్యవస్థాపకుల గుణగణాలు, సన్మాన సభల వివరాలు పది పుటలు ఉంటాయి. భాగస్వామి ఏమి చేస్తాడన్నది అర పుట కూడా ఉండదు. వ్యవస్థాపకులకు జరిగిన సన్మానానికి మార్కుల పట్టికలో గడి లేదు.

గ్రాంటు మొత్తం ఖర్చులో గరిష్ఠంగా 90 శాతం. మిగిలినది భాగస్వాములే భరించాలి. ఇక్కడ మన ట్రస్టులు జకాత్ నిధి వైపు చూడడం గమనించాము. జకాత్‌కు హక్కుదారులెవరో నిర్దిష్టంగా చెప్పబడి ఉన్నది. సమావేశాల ఖర్చుకూ ప్రయాణపు టిక్కెట్లకూ దానిని వాడడం తగదు. సాధారణ విరాళాల నుంచి గాని, అధ్యాపకుల పని గంటలను విలువ కట్టడం ద్వారా గాని ఆ భాగాన్ని చూపవచ్చునేమో భాగస్వామి విశ్వవిద్యాలయపు ఆర్థిక విభాగాన్ని ముందే అడిగి తెలుసుకోవాలి.

అసలు చిక్కు విదేశీ విరాళాల నియంత్రణ చట్టంతో వస్తుంది. ట్రస్టు విదేశీ ధనం స్వీకరించాలంటే నమోదు కావాలి. అందుకు సంస్థ కనీసం మూడేళ్లుగా ఉండి, ఆ మూడేళ్లలో తన ఆశయాల మీద 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. 2020 సవరణ తరువాత సొమ్ము న్యూఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోకే రావాలి. పాలనా ఖర్చులు 20 శాతానికి మించరాదు. అన్నిటికంటె ముఖ్యంగా, స్వీకరించిన సంస్థ ఆ సొమ్మును మరొక సంస్థకు మళ్లించరాదు. పూర్వం పెద్ద సంస్థ గ్రాంటు తెచ్చి చిన్న సంస్థలకు పంచేది. ఆ దారి ఇప్పుడు లేదు. ఈ నియమం చిన్న సంస్థల గొంతు నొక్కిందన్నది మా నిశ్చితాభిప్రాయం. అయినా దానిపై పోరాటం ఒకటి, దానిని గమనించకుండా దరఖాస్తు పెట్టడం మరొకటి. నమోదు లేని ట్రస్టు ‘మా వాటా 40 లక్షలు’ అని రాసిన పట్టికను చూడగానే, విదేశీ భాగస్వామికి న్యాయ సలహా ఇచ్చేవారు వెనక్కు లాగుతారు.

అందుచేత మేము చెప్పేది ఇది. సొమ్ము తాకకుండానే భాగస్వాములం కావచ్చు. ఐరోపా నియమాలలో ‘అనుబంధ భాగస్వామి’ అనే హోదా ఉంది. ఆ భాగస్వామికి గ్రాంటులో పైసా రాదు, కాని దరఖాస్తులో పేరుంటుంది, పని ఉంటుంది, నిర్ణయాలలో గొంతు ఉంటుంది. నిధులను విశ్వవిద్యాలయం స్వీకరించి తానే ఖర్చు చేస్తుంది. మన ట్రస్టు విద్యార్థినులను గుర్తించడం, తల్లిదండ్రులను ఒప్పించడం, పట్టణంలో వసతి చూపడం వంటి బాధ్యతలు మోస్తుంది. పేరుప్రతిష్ఠలు తక్కువే. కాని మూడేళ్ల తరువాత ‘మేము అంతర్జాతీయ భాగస్వామ్యంలో ఇంత పని చేశాము’ అన్న దాఖలా మన చేతిలో ఉంటుంది. రెండవ దరఖాస్తుకు అదే పెట్టుబడి.

ఒక నమూనా ఊహించి చూద్దాం. ప్రధాన దరఖాస్తుదారు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం గాని, 2019 చట్టంతో విజయనగరంలో ఏర్పడిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం గాని కావచ్చు. విదేశం నుంచి ఆహార శాస్త్రంలోనో గ్రామీణ వ్యాపార నిర్వహణలోనో పేరున్న రెండు విశ్వవిద్యాలయాలు. అరకు ప్రభుత్వ డిగ్రీ కళాశాల. రైతుల సహకార సంఘం. చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం. అనుబంధ భాగస్వామిగా మన ట్రస్టు. లక్ష్యం ఒక్కటే: కాఫీ, మిరియాల శుద్ధి, నాణ్యత పరీక్ష, ఎగుమతి పత్రాలు నేర్పే ఏడాది డిప్లొమా. కాఫీ గింజ ఈ కొండ నుంచి పారిస్ దాకా వెళ్తున్నది. దానిని రుచి చూసి తరగతి నిర్ణయించే ఉద్యోగం కొండ పిల్లకు ఎందుకు రాకూడదు? సంతలో పెరిగిన మన వర్తక కుటుంబపు పిల్లకు ఎగుమతి పత్రాల పని ఎందుకు రాకూడదు? ఇటువంటి దరఖాస్తులో ముస్లిం అన్న మాట ప్రతి పుటలో అక్కరలేదు. లబ్ధిదారుల పట్టికలో ఎందరన్న సంఖ్య స్పష్టంగా ఉంటే చాలును.

కాఫీ బదులు వనమూలికల మీద పరిశోధన అంటే జాగ్రత్త పడాలి. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం విదేశీయులు మన జీవ వనరులను పరిశోధనకు తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి కావాలి. కేంద్రం ఆమోదించిన సహకార పరిశోధనలకు మినహాయింపు ఉన్నది గాని, అది దానంతటదే వర్తించదు.

సమ్మతి లేఖల గురించి. అయిదుగురు భాగస్వాముల లేఖలు ఒకే వాక్యాలతో, చివర సంతకం మాత్రమే మారి ఉండడం మేము ఎన్నో ఫైళ్లలో చూశాము. అది పైరవీ లేఖ అవుతుంది, భాగస్వామ్య లేఖ కాదు. కళాశాల ప్రిన్సిపాల్ ‘రెండు తరగతి గదులు, వారానికి ఆరు గంటల అధ్యాపక సమయం ఇస్తాము’ అని తన మాటల్లో రాసిన అర పుట, అధికార ముద్రలున్న పది లేఖలకంటె మేలు. గ్రామసభలో చర్చించి ఉంటే ఆ తీర్మానపు నకలు జతచేయాలి. 1996 నాటి పెసా చట్టం ఆ సభకు ఇచ్చిన గౌరవాన్ని మనం ముందు పాటించాలి. ఆ సభలో మాట్లాడవలసినవారు ఊరివారు. పట్నం నుంచి వెళ్లిన మనం వెనుక వరుసలో కూర్చుంటే చాలు.

పని పట్టిక వేసేటప్పుడు ఢిల్లీ క్యాలెండరును గాక కొండ క్యాలెండరును చూడాలి. వానాకాలంలో వాగులు దాటి శిక్షణకు రమ్మంటే ఎవరూ రాలేరు. నవంబరు నుంచి కాఫీ పళ్లు కోసే రోజులు. ఇంటిల్లిపాదీ తోటలో ఉంటారు. రంజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక, మూడేళ్ల పట్టికలో మూడు చోట్ల గుర్తు పెట్టుకోవాలి. ఇవన్నీ తీసివేస్తే శిక్షణకు మిగిలే వారాలు కొద్ది. ఆ కొద్ది వారాలను నిజాయితీగా చూపిన పట్టికను చూస్తే, రాసినవాడు ఆ ఊరు ఎరిగినవాడని పరిశీలకునికి తెలిసిపోతుంది.

ఖర్చుల పట్టికలో మేము ముందుగా చూసేది కూడిక. నవ్వకండి. వివరాల పుటలో ఒక మొత్తం, సారాంశంలో మరో మొత్తం ఉన్న దరఖాస్తు ప్రతి కార్యాలయంలోనూ పక్కకు పోతుంది, అది పాడేరైనా బ్రస్సెల్స్ అయినా. ఆపైన ప్రతి ఖర్చుకూ ఎదురుగా ఒక పని ఉన్నదా? ల్యాప్‌టాప్‌లు పాతిక అని రాసి విద్యార్థులు పద్దెనిమిది మంది అంటే మిగిలిన ఏడు ఎవరికి అని అడుగుతారు. అడగాలి కూడా. అది ఒకరి అమానత్ సొమ్ము.

ఇదంతా పిలుపు వెలువడిన తరువాత ఆరు వారాలలో జరిగే పని కాదు. ట్రస్టు డీడు, మూడేళ్ల ఆడిట్ నివేదికలు, ఆదాయపు పన్ను నమోదు, దర్పణ్ సంఖ్య, ఐరోపావారి పోర్టల్‌లో తొమ్మిదంకెల గుర్తింపు సంఖ్య ఒక ఫైలులో ముందే సిద్ధంగా ఉండాలి. విదేశీ అధ్యాపకునితో పరిచయం కూడా అంతే. ‘మీతో గ్రాంటుకు దరఖాస్తు చేయదలచాము’ అని మొదటి ఉత్తరంలోనే రాస్తే జవాబు రాదు. ఆయన రాసిన వ్యాసమొకటి చదివి, మన ప్రాంతపు అనుభవంతో ఒక ప్రశ్న అడిగితే వస్తుంది. మన సమాజంలో ఆంగ్లం బాగా వచ్చిన యువతీయువకులు నేడు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. మస్జిద్ కమిటీలు ఏడాదికొకసారి సత్కరించి పంపివేస్తున్న ఆ పట్టభద్రులలో ఇద్దరికి ఈ పని అప్పగించి, వారి కాలానికి ప్రతిఫలం ఇవ్వాలి. ఉచిత సేవ మీద ఈ పని నడవదు.

చివరి తేదీ విషయంలో ఒక హెచ్చరిక. ఎరాస్మస్ గడువు మామూలుగా ఫిబ్రవరిలో, బ్రస్సెల్స్ కాలమానం ప్రకారం సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది. శీతాకాలంలో అది మన రాత్రి 9 గంటల 30 నిమిషాలు. ఆ సమయానికి అరకులో ప్రిన్సిపాల్ సంతకం దొరకదు, పోర్టల్ మీద లక్ష చేతులు ఉంటాయి. సంతకాలు జనవరి నెలాఖరుకు పూర్తి చేసుకుని, గడువుకు మూడు రోజుల ముందే దాఖలు చేసి, రసీదు ముద్రించి ఫైలులో పెట్టుకోవాలి.